సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు ఎందుకు వచ్చాయి

ఈరోజు ఏ సంస్థ సర్వర్ కొన్నా దాని వెనక సాధారణంగా కనీసం రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉంటాయి. వాటి డ్రైవర్ సెట్టింగుల్లోకి వెళితే చెక్‌సమ్ ఆఫ్‌లోడ్, ఇంటరప్ట్ మోడరేషన్, జంబో ఫ్రేమ్, ఆర్‌ఎస్‌ఎస్, ఎస్‌ఆర్-ఐఓవీ అంటూ ఒక పొడవాటి జాబితా కనిపిస్తుంది. వీటిలో దేన్ని వాడాలి, దేన్ని ఆపాలి అన్న వాదన కొత్త సర్వర్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది. నిజానికి వీటిలో కొన్ని వేగం కోసం వచ్చాయి, కొన్ని సర్వర్ ఆగిపోకుండా ఉండేందుకు వచ్చాయి. ఈ రెండు అవసరాలూ కొంతకాలం కలిసి నడిచి, ఆ తరువాత ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

రెండు పోర్టులను ఒకటిగా కట్టడం మొదట వేగం కోసమే పుట్టింది. 1994లో అమెరికాలోని నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 డీఎక్స్4 ప్రాసెసర్లతో బేవుల్ఫ్ అనే క్లస్టర్‌ను (కలిసి ఒకే పని చేసే కంప్యూటర్ల గుంపును) నిర్మించినప్పుడు, సెకనుకు 10 మెగాబిట్లు మోసే నాటి ఈథర్‌నెట్ వాటి వేగానికి చాలలేదు. యంత్రాల మధ్య డేటాను సరైన తీగకు మళ్లించే స్విచ్‌లు అప్పట్లో బాగా ఖరీదు. అందువల్ల బెకర్ డ్రైవర్లను తిరగరాసి, ఒక్కో యంత్రంలో ఒకటికి మించిన కార్డుల మీదుగా ప్యాకెట్లను (డేటా ముక్కలను) పంచి పంపే ఏర్పాటు చేశారు. పోర్టులను ఇలా కట్టే నేటి లినక్స్ బాండింగ్ డ్రైవర్‌కు మూలం అదే. స్విచ్‌ల వైపు నుంచి ఇదే ఆలోచనను ఈథర్‌ఛానెల్ పేరుతో తెచ్చినది కల్పన అనే కంపెనీ. పేరు వింటే మన పక్కింటి అమ్మాయి పేరులా ఉంటుంది గానీ అది కాలిఫోర్నియా కంపెనీయే. దాని స్థాపకుల్లో ఒకరు వినోద్ భరద్వాజ్. 1994లోనే సిస్కో దాన్ని కొనుగోలు చేసింది.

ఎవరి పద్ధతి వారిదిగా ఉన్న ఈ పనికి 2000లో 802.3ఏడీ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. అందులోని ఒక నియమాన్ని మాత్రం చాలామంది ఇప్పటికీ పట్టించుకోరు. ఒక కనెక్షన్‌కు చెందిన ఫ్రేములు (తీగ మీద ప్యాకెట్లను మోసే పొట్లాలు) వరుస తప్పకూడదు కాబట్టి, ఆ కనెక్షన్ మొత్తం ఒకే తీగ మీదుగా పోవాలి. అంటే రెండు 10 గిగాబిట్ల పోర్టులు కట్టినా, ఒకే కనెక్షన్‌లో సాగే బ్యాకప్ కాపీకి 10 గిగాబిట్లకు మించి రాదు. ఎక్కువ మంది ఒకేసారి వాడే సర్వర్‌కే ఆ 20 గిగాబిట్ల ప్రయోజనం అందుతుంది. కొనుగోలు కాగితాల్లో ‘20’ అని చూసి సంబరపడినవారు తరువాత ‘మరి కాపీ వేగం ఎందుకు పెరగలేదు’ అని అడిగేది ఇందుకే.

1999లో మామూలు రాగి తీగ మీదే గిగాబిట్ ఈథర్‌నెట్‌కు ప్రమాణం వచ్చి, కొన్నేళ్లలోనే అది చవకయింది. దాంతో వేగం కోసం తీగలు కలపాల్సిన అగత్యం తగ్గినా, కలపడం మాత్రం పోలేదు. దాని ఉద్దేశం మారింది. ఒక పోర్టు పనిచేస్తుండగా రెండోది ఖాళీగా కాచుకుని ఉండే యాక్టివ్-బ్యాకప్ పద్ధతి సర్వసాధారణమయింది. మొదటిది పడిపోగానే రెండోది పని అందుకుని, ‘ఈ చిరునామా ఇప్పుడు ఇటువైపు ఉంది’ అని అడగకుండానే ఏఆర్‌పీ (ఏ చిరునామా ఏ కార్డుదో తెలిపే పద్ధతి) సందేశం పంపుతుంది. దాంతో స్విచ్ తన పట్టికను మార్చుకుంటుంది.

చెప్పినంత సులువుగా ఇది జరగదు. కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి పై అంతస్తు స్విచ్ ఒకటి మొరాయించినప్పుడు, నేను చూస్తున్న సర్వర్ అక్షరాలా మూగబోయింది. వెనకకు వెళ్లి చూస్తే రెండు పోర్టుల దీపాలూ పచ్చగానే వెలుగుతున్నాయి. బాండింగ్ డ్రైవర్ ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒకసారి చూస్తున్నది తన తీగ పక్క స్విచ్ దాకా బాగుందా లేదా అన్నది మాత్రమే. ఆ స్విచ్ అవతల దారి తెగిపోయిన సంగతి దానికి తెలిసే వీలే లేదు. చివరకు ఆ తీగను చేత్తో ఊడబెరికితే గానీ రెండో పోర్టు పని అందుకోలేదు. గేట్‌వేను (బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే పరికరాన్ని) ఏఆర్‌పీతో పలకరిస్తూ ఉండే పద్ధతి డ్రైవర్‌లో ఉంది, కానీ దాన్ని ఎవరూ అమర్చలేదు. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. పడిపోయిన పోర్టు తిరిగి లేచినప్పుడు స్విచ్‌లోని స్పానింగ్ ట్రీ (ప్యాకెట్లు చుట్టూ తిరుగుతూ ఉండిపోకుండా చూసే ఏర్పాటు) దాన్ని మామూలుగా 30 సెకన్లు నిలిపి ఉంచుతుంది, సర్వర్ మాత్రం దీపం వెలగగానే దానివైపు మారి ఆ అరనిమిషం ప్యాకెట్లను గాలికి వదిలేస్తుంది. తిరిగి లేచిన పోర్టును వాడే ముందు కాసేపు ఆగమనే అప్‌డిలే సెట్టింగు పుట్టింది ఇందుకే.

ఈలోగా వేగం వైపు మరో కథ నడుస్తోంది. ఒక్కో ఫ్రేములో డేటా 1500 బైట్లకు మించకూడదన్న పరిమితి 10 మెగాబిట్ల కాలం నాటిది. అదే పరిమితితో గిగాబిట్ తీగ నిండితే సెకనుకు 81 వేలకు పైగా ఫ్రేములు వస్తాయి. అన్నీ అతి చిన్నవైతే ఆ సంఖ్య దాదాపు 14.88 లక్షలు. ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్‌ను తట్టి లేపితే, అది లేవడంతోనే సరిపోతుంది, అసలు పని సాగదు. ఈ స్థితిని జెఫ్రీ మోగల్, కె.కె. రామకృష్ణన్ 1996లో రిసీవ్ లైవ్‌లాక్ పేరుతో వివరించారు. కొన్ని ఫ్రేములు పోగయ్యాక ఒకేసారి తట్టే ఇంటరప్ట్ మోడరేషన్, 9000 బైట్ల జంబో ఫ్రేములు, 64 కిలోబైట్ల ముద్దను కార్డుకే ఇచ్చి ముక్కలు చేయించే టీఎస్ఓ, ఇవన్నీ ఆ భారానికి విరుగుళ్లే. వచ్చే కనెక్షన్లను ప్రాసెసర్ కోర్ల మధ్య పంచే ఆర్‌ఎస్‌ఎస్ కూడా, బాండింగ్ లాగే, ఒక కనెక్షన్‌ను రెండుగా చీల్చదు.

మొత్తం టీసీపీనే (కనెక్షన్లను నడిపే నియమావళినే) కార్డుకు అప్పగిద్దామన్న ప్రయత్నం మాత్రం బెడిసికొట్టింది. కార్డు ఫర్మ్‌వేర్‌లో (దాని లోపలి సాఫ్ట్‌వేర్‌లో) భద్రతా లోపం బయటపడితే దాన్ని సరిదిద్దే వీలు తమ చేతిలో ఉండదని, ఫైర్‌వాల్ నియమాలు పక్కకు పోతాయని లినక్స్ నెట్‌వర్కింగ్ బాధ్యులు దాన్ని కెర్నల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలోకి) రానివ్వలేదు. మైక్రోసాఫ్ట్ చిమ్నీ పేరుతో విండోస్ సర్వర్ 2003లో చేర్చి, రెండో సర్వీస్ ప్యాక్‌లో ముందే ఆన్ చేసి ఇచ్చింది. సమస్యలు రావడంతో దాన్ని ఆపేందుకు మళ్లీ అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది. నెట్‌వర్క్ మందగిస్తే ముందు ఆఫ్‌లోడ్‌లు (కార్డుకు అప్పగించిన పనులు) ఆపమనే సలహా మన ఐటీ విభాగాల్లో నేటికీ వినిపించడానికి ఆనాటి చేదు అనుభవమే కారణమని నా నమ్మకం. అయితే ఆ సలహాను గుడ్డిగా పాటించి టీఎస్ఓను కూడా ఆపేస్తే నష్టపోయేది మనమే.

విండోస్‌లో టీమింగ్ (బాండింగ్‌కు అక్కడి పేరు) చాలాకాలం కార్డు తయారీదారుల సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడింది. 2012 సర్వర్‌తో 32 కార్డుల దాకా కలిపే సొంత టీమింగ్ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వేగమూ, సర్వర్ ఆగకూడదన్న అవసరమూ ఢీకొన్నాయి. 2007 నాటి ఎస్‌ఆర్-ఐఓవీ ప్రమాణం ఒకే కార్డును అనేక కార్డులుగా చూపి, వర్చువల్ మెషీన్‌ను (ఒకే సర్వర్‌లో విడి కంప్యూటర్‌లా నడిచేదాన్ని) నేరుగా హార్డ్‌వేర్‌తో కలుపుతుంది. మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను తప్పించడమే దాని వేగానికి మూలం. కానీ టీమింగ్ ఉండేది ఆ సాఫ్ట్‌వేర్‌లోనే. కాబట్టి వేగం కావాలనుకున్న వర్చువల్ మెషీన్‌కు హోస్టు (దాన్ని నడిపే అసలు సర్వర్) ఇచ్చే రక్షణ అందదు. తన టీమింగ్ తానే చేసుకోవాలి. 2016లో మైక్రోసాఫ్ట్ టీమింగ్‌ను వర్చువల్ స్విచ్ (వర్చువల్ మెషీన్లను నెట్‌వర్క్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) లోపలికే తీసుకెళ్లి ఈ రెంటినీ కలిపింది, కానీ 32 కార్డుల పరిమితి 8కి తగ్గింది.

ఇప్పుడు ఆ స్విచ్ కూడా కార్డులోకి వెళ్లిపోతోంది. ఎన్‌విడియా బ్లూఫీల్డ్ వంటి కార్డుల్లో ఆర్మ్ కోర్లు ఉంటాయి, వాటిమీద లినక్స్ నడుస్తుంది, దానికీ అప్‌డేట్లు ఉంటాయి. అలాంటి కార్డు రీసెట్ అయినప్పుడు దానికున్న రెండు పోర్టులూ ఒకేసారి పోతాయి. అందుకే సర్వర్ ఆర్డరు పత్రంలో ‘రెండు పోర్టులు’ అని ఉన్నచోట ‘రెండు కార్డులు’ అని దిద్దాల్సి వస్తోంది.