ఎగరడం వేరు, అక్కరకు రావడం వేరు

2025 ఆగస్టు 12న ఫ్లోరిడాలోని కేప్ కెనవెరాల్ నుంచి వల్కన్ రాకెట్ మీద ఎన్‌టీఎస్-3 అనే ప్రయోగాత్మక ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. శత్రువు జామింగ్‌కు (సంకేతాలను అడ్డుకోవడానికి) దిగినా తట్టుకునే కొత్త నావిగేషన్ సంకేతాలను పరీక్షించడానికి అమెరికా వైమానిక దళ పరిశోధనశాల దీన్ని తయారు చేయించింది. దీనికి ముందుది, ఎన్‌టీఎస్-2, వెళ్లింది 1977లో. మధ్యలో 48 ఏళ్ల విరామం. ఈ పరీక్షలన్నీ నెగ్గితే ఆ సంకేతాలు సైనికుడి చేతిలోని పరికరానికి ఎన్నాళ్లకు చేరతాయన్న ప్రశ్న మాత్రం అప్పటినుంచీ అలాగే ఉంది.

ఎన్‌టీఎస్-2 కథ ఒకసారి చెప్పుకోవాలి. సమయాన్ని అతి కచ్చితంగా లెక్కించే సీజియం అణు గడియారం కక్ష్యలోకి వెళ్లింది అందులోనే మొదటిసారి. సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం అంత ఎత్తున తిరిగే గడియారం, నేల మీది గడియారం కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పరిగెత్తాలి. ఈ లెక్క మీద కొందరికి నమ్మకం కుదరలేదు. దాంతో ఆ తేడాను సరిచేసే పరికరాన్ని లోపల అమర్చారు గానీ, ఆఫ్‌లో ఉంచి పంపారు. సుమారు 20 రోజులు గమనించారు. గడియారం దాదాపు ఐన్‌స్టీన్ లెక్క ప్రకారమే ముందుకు పోతోంది. అప్పుడు పరికరాన్ని ఆన్ చేశారు. నమూనా ఉపగ్రహం చేయాల్సిన పని ఇదే: ఒక సందేహం పెట్టుకుని వెళ్లి, అది తీర్చి రావడం.

సందేహం తీరాక కదా అసలు కష్టాలు మొదలైంది. ఇలాంటి గడియారాల మీద ఆధారపడి దారి చూపే ఉపగ్రహ వ్యవస్థ జీపీఎస్‌కు అనుమతి వచ్చింది 1973 డిసెంబరులో. 1978 ఫిబ్రవరిలో తొలి నావ్‌స్టార్ (జీపీఎస్) ఉపగ్రహం వెళ్లింది, పనిచేసింది. మరుసటి ఏడాదే రక్షణశాఖ 1981-86 కాలపు కేటాయింపుల్లో దాదాపు 30 శాతం కోత పెట్టింది. అనుకున్న 24 ఉపగ్రహాలు 18కి దిగాయి. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదన్నమాట. యుద్ధవిమానాలకూ నౌకలకూ పట్టుబట్టే అధికారులు సైన్యంలో ఎప్పుడూ ఉంటారు. అందరికీ ఉమ్మడిగా ఉపయోగపడే సంకేతం కోసం పట్టుబట్టేది ఎవరు? 1986లో చాలెంజర్ షటిల్ అనే అంతరిక్ష నౌక పేలిపోవడంతో ప్రయోగాలు ఇంకా వెనక్కి జరిగాయి. 24 ఉపగ్రహాల వ్యవస్థ పూర్తిస్థాయిలో సిద్ధమని ప్రకటించేసరికి 1995 వచ్చింది.

ఈలోగా గల్ఫ్ యుద్ధం వచ్చిపడింది. 1991 నాటికి కక్ష్యలో 16 ఉపగ్రహాలున్నాయి. గుర్తుపట్టడానికి కొండ, గుట్ట, చెట్టు లేని ఎడారిలో దారి తెలియాలంటే అంతకు మించిన సాధనం లేదు. తీరా చూస్తే ఆ సంకేతాలను అందుకునే సైనిక రిసీవర్లు చాలినన్ని లేవు. చివరికి పౌర అవసరాల కోసం తయారైన చిన్న రిసీవర్లను వేల సంఖ్యలో హడావిడిగా కొని పంపారు. సైనికులు వాటిని వాహనాలకు, హెలికాప్టర్లకు టేపుతో అంటించుకుని తిరిగారు. శత్రువుకు ఉపయోగపడకుండా పౌర సంకేతంలో కావాలని కలిపే దోషాన్ని, తమవాళ్ల చేతుల్లో ఉన్నవే పౌర రిసీవర్లు కావడంతో, యుద్ధకాలంలో ఆపేయాల్సి వచ్చింది. కోట్ల డాలర్లు ఆకాశంలో పెట్టి నేల మీద టేపు చుట్టుకున్న ఈ దృశ్యాన్ని మించిన వివరణ నాకు ఏ నివేదికలోనూ దొరకలేదు.

ఎందుకిలా జరుగుతుంది? పద్దుల దగ్గర చూడాలి. అమెరికా రక్షణ బడ్జెట్‌లో పరిశోధన డబ్బు ఒక పద్దు, కొనుగోళ్లది మరొకటి, నిర్వహణది ఇంకొకటి. ప్రయోగశాల మొదటి పద్దుతో నమూనా తయారు చేస్తుంది. దాన్ని వరుసగా కొనాలన్నా, నడపడానికి మనుషులను పెట్టాలన్నా మిగతా రెండు పద్దులున్న వేరే విభాగం ముందుకు రావాలి, అదీ రెండేళ్ల ముందే అడిగి పెట్టుకోవాలి. అడగకపోతే విజయవంతమైన నమూనా కూడా అక్కడే ఆగిపోతుంది. ఈ అగాధానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు మృత్యులోయ.

టాక్‌శాట్-3 అనే ఉపగ్రహం ఆ లోయను సగం దాటింది. నేలను వందలాది రంగుల పట్టీల్లో చూసి మరుగున పెట్టినవాటిని పసిగట్టే పరికరంతో 2009 మేలో వెళ్లింది. ఏడాది పాటు ప్రయోగం బాగా సాగడంతో 2010 జూన్‌లో వైమానిక దళ అంతరిక్ష కమాండ్ దాన్ని నిత్య వినియోగానికి తీసుకుంది. 2012లో అది వాతావరణంలో కాలిపోయే నాటికి దాని స్థానంలోకి వచ్చే రెండోది సిద్ధంగా లేదు. అదే ఏడాది, ఇలాంటి చిన్న, చురుకైన ఉపగ్రహాల కోసం 2007లో పెట్టిన కార్యాలయాన్ని మూసేద్దామని పెంటగాన్ (అమెరికా రక్షణశాఖ) ప్రతిపాదించింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ అడ్డుపడటంతో ఆ కార్యాలయం బతికింది.

అయితే లోయ అనేదే లేని రోజులూ ఉన్నాయి. సోవియట్ యూనియన్‌ను ఫొటోలు తీసే కరోనా అనే అమెరికా గూఢచారి ఉపగ్రహాల కార్యక్రమంలో వరుసగా 12 ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఈ రోజుల్లో అయితే మూడో వైఫల్యానికే మూసేసేవారు. 1960 ఆగస్టులో ఆ వరుసలోని డిస్కవరర్-14 ఉపగ్రహం జారవిడిచిన ఫిల్ము గుళికను పసిఫిక్ మీద ఒక విమానం కొక్కేలతో గాలిలోనే పట్టుకుంది. సోవియట్ భూభాగం మీద యూ-2 గూఢచారి విమానాలన్నీ కలిసి తీసిన దానికంటే ఎక్కువ ప్రాంతం ఆ ఒక్క ఫిల్ములో వచ్చింది. ఆ మే నెలలోనే ఒక యూ-2ను సోవియట్లు కూల్చేశారు. ఫొటోలు కావాల్సినవాళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. అక్కడ నమూనాకూ వినియోగానికీ మధ్య ఫైలు తిరగాల్సిన పని లేకపోయింది.

జీపీఎస్ సైనిక సంకేతం ఎం-కోడ్ ఆ అదృష్టానికి నోచుకోలేదు. దాన్ని ప్రసారం చేయగల మొదటి ఉపగ్రహం 2005లో వెళ్లింది. ఆ సంకేతాన్ని పూర్తిగా నడిపే కొత్త భూనియంత్రణ వ్యవస్థకు 2010లో కాంట్రాక్టు ఇస్తే, అంతరిక్ష దళం దాన్ని స్వీకరించింది 2025లో. నడిపే మనుషులు లేకుండా రేడియో స్టేషను కట్టుకుని కూర్చున్నట్టుంది వ్యవహారం.

2019లో అమెరికా రక్షణశాఖలో పుట్టిన స్పేస్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ దీనికి వేరే దారి పట్టింది. పరిపూర్ణమైన ఒక్క ఉపగ్రహం కోసం పదిహేనేళ్లు ఆగే బదులు, ఉన్న పరిజ్ఞానంతో చిన్నవాటిని సుమారు రెండేళ్లకో విడత పంపుతోంది. నమూనా అనదగిన మొదటి విడత ఉపగ్రహాలు వెళ్లడం 2023లో మొదలైంది. ఉపగ్రహాలు లేజర్ కిరణాలతో ఒకదానికొకటి సమాచారం పంపుకునే సంబంధాలను అనుకున్నంతగా నిరూపించకుండానే ముందుకు పోతున్నారని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ తప్పుపట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 10న తర్వాతి విడతలోని మొదటి 21 ఉపగ్రహాలు కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి బయలుదేరాయి. ఇవి పరీక్షల కోసం వెళ్లినవి కావు, యుద్ధరంగంలోని సైనికులకు సమాచారం అందించాల్సినవి.