ఐస్‌లాండ్ చలికాలం ట్రిప్: అపోహలు - వాస్తవాలు (ముఖ్యంగా ఆ "చిన్న దేశమే కదా" అనే మాట గురించి)

దసరా వెళ్లిందంటే చాలు, నా వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, డిసెంబర్ సెలవులకి ఐస్‌లాండ్ అనుకుంటున్నాం. చిన్న దేశమే కదా, ఐదు రోజుల్లో రింగ్ రోడ్డు మొత్తం కొట్టేయొచ్చా?" అడిగేవాళ్లలో కొందరు హైదరాబాద్, విజయవాడ వాళ్లు, కొందరు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో. ప్రశ్న వెనకాలే ఒక రీల్ లింకు కూడా వస్తుంది. ఎర్ర కారు, నల్ల రోడ్డు, పైన ఆకుపచ్చ ఆకాశం. ఆ రీల్ తీసినవాళ్లు దానికి ముందు రెండు రోజులు ఏ గెస్ట్‌హౌస్‌లో ఇరుక్కుపోయారో అందులో చూపించరు.

ఐటినరీలు వేయడం నా పని. ఈ ఒక్క అపోహ వల్ల జనం పోగొట్టుకున్నంత డబ్బు మిగతావన్నీ కలిపినా పోగొట్టుకోలేదు. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: చిన్న దేశం, ఐదారు రోజుల్లో చుట్టేయొచ్చు

చిన్నది జనాభా. నాలుగు లక్షల మంది కూడా లేరు, ఒక్క వరంగల్ నగరంలోనే అంతకన్నా ఎక్కువ ఉంటారు. నేల మాత్రం దాదాపు 1,03,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ 1,12,000. అంటే తెలంగాణ కంటే కాస్తే తక్కువ. దాని చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు పొడవు 1,322 కిలోమీటర్లు.

మ్యాప్స్‌లో పెడితే పదహారు, పదిహేడు గంటల డ్రైవింగ్ అని వస్తుంది. దాన్ని ఐదుతో భాగించి, "రోజుకి మూడున్నర గంటలే, హాయిగా వెళ్లొచ్చు" అంటారు. జూలైలో అయితే కొంతవరకు ఒప్పుకుంటాను, అప్పుడు రాత్రంటూ ఉండదు. డిసెంబర్ 21న రాజధాని రేక్యావిక్‌లో సూర్యుడు వచ్చేది పదకొండు గంటల ఇరవై నిమిషాలకి, మునిగేది మూడున్నరకి. ముందూ వెనకా కాస్త సంధ్య వెలుగు ఉంటుంది, అంతే. ఉత్తరాన అకురేరిలో పగలు ఇంకా తక్కువ. రేక్యావిక్ నుంచి మంచు ముక్కలు తేలే ఆ సరస్సు, యోకుల్సార్లోన్, దగ్గరదగ్గర 370 కిలోమీటర్లు. రోడ్డు పొడిగా ఉంటేనే ఒక వైపు ఐదు గంటలు. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే మూడు గంటలకు పైగా చీకట్లోనే నడపాలి. తిరుగు ప్రయాణం మొత్తం చీకటే. దారిలో సెల్యలాండ్స్‌ఫాస్, స్కోగాఫాస్ జలపాతాలు, రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం, అన్నీ చూసేసి రాత్రికి హోటల్‌కి వచ్చేద్దాం అంటారు. ఏ వెలుగులో చూస్తారండీ?

చీకటి అయినా పర్వాలేదు, ఏ రోజు ఎంతసేపు ఉంటుందో ముందే తెలుసు. గాలి సంగతి అలా కాదు. అక్కడి వాతావరణ శాఖ గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో చెబుతుంది. మనవాళ్లు "20 అంతేగా" అనుకుంటారు. సెకనుకి 20 మీటర్లంటే గంటకి 72 కిలోమీటర్లు. బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారిందని మన వాతావరణ శాఖ ప్రకటించేది గాలులు గంటకి 62 దాటినప్పుడు. మచిలీపట్నం వాళ్లకి దీని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. అలాంటి గాలి అక్కడ చలికాలంలో మాటిమాటికీ వస్తుంది, కింద రోడ్డు మీద అద్దంలాంటి ఐస్ ఉండగా వస్తుంది. ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగుతుంటుంది కాబట్టి మధ్యాహ్నం కరిగిన మంచు సాయంత్రానికి గడ్డకట్టి ఆ ఐస్ అవుతుంది. మీ కంటికి అది తడిసిన రోడ్డులాగే కనిపిస్తుంది.

గాలి మరీ పెరిగితే రోడ్డు మూసేస్తారు. ఎవరినో బతిమాలి వెళ్లడానికి ఉండదు, గేటు అడ్డంగా పడిపోతుంది. దక్షిణ తీరంలో విక్ అనే ఊరి నుంచి తూర్పుకి వెళ్లే దారి ఇలా తరచూ మూతపడుతుంది.

డాలస్ నుంచి ఒక కుటుంబం వెళ్లింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన అత్తమామలు. క్రిస్మస్ వారంలో ఆరు రాత్రులు, ఆరు ఊళ్లు, ఆరు హోటళ్లు, చౌకగా వస్తున్నాయని అన్నీ నాన్‌రిఫండబుల్. టికెట్లు, హోటళ్లు వాళ్లే బుక్ చేసుకుని, "ఒకసారి చూడన్నా" అని పంపారు. చూశాను, వద్దన్నాను, విన్లేదు. మూడో రోజు ఫోన్. చేసింది పెద్దావిడ. "బాబూ, ఇక్కడ పెట్రోల్ బంకులో కూర్చున్నాం. మూడున్నరకే చీకటి పడిపోయింది. రోడ్డుకి గేటు వేసేశారు. పిల్లలకి బిస్కెట్లు తప్ప ఏం లేవు. ఇప్పుడు ముందుకా, వెనక్కా?" ఆవిడ గొంతులో కంగారు వింటే ఎవరినీ ఏమీ అనబుద్ధి కాలేదు. విక్‌లోనే దొరికిన రెండు గదులు, అడిగినంత ఇచ్చి తీసుకోమన్నాను. గేటు తెరిచింది ఒక రోజున్నర తర్వాత. అకురేరి హోటల్ డబ్బులు పోయాయి, తూర్పున రెండు హోటళ్లవి పోయాయి. ఇక చుట్టూ తిరిగితే ఫ్లైట్ కూడా పోయేది, అందుకని వచ్చిన దారినే వెనక్కి వచ్చేశారు.

"ఫోర్ బై ఫోర్ తీసుకుంటాం అన్నా" అనేది దీనికి తోక ప్రశ్న. తీసుకోండి, మంచిదే. అది బండిని కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. ఐస్ మీద ఆపేది టైరు. మేకులున్న టైర్లు ఉన్నాయా అని అద్దె కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఇంకొకటి, కారు తలుపు. స్కోగాఫాస్ పార్కింగ్‌లో నా పక్క బండి అతను తలుపు అలా తీశాడో లేదో, గాలి పట్టుకుని ముందుకి విరిచేసింది. కీలు వంగిపోయి, తలుపు ఫెండర్‌కి అతుక్కుపోయింది. మళ్లీ మూతపడలేదు. చాలా కంపెనీల ఇన్సూరెన్స్‌లో గాలికి విరిగిన తలుపు కవర్ కాదు, ఫుల్ ప్యాకేజీ అని అమ్మినా సరే. బండిని గాలికి ఎదురుగా పెట్టాలి. తలుపు రెండు చేతులతో పట్టుకుని, ఒకసారికి ఒక్కటే తీయాలి. పిల్లలకి లోపలి నుంచి తీయడానికి రాకుండా చైల్డ్ లాక్ వేసేయండి.

మరి ఏం చేయాలి? డిసెంబర్, జనవరిల్లో వారం లోపే ఉంటే రింగ్ రోడ్డు మాట మర్చిపోండి. రేక్యావిక్‌లో మూడు నాలుగు రాత్రులు, విక్ చుట్టుపక్కల రెండు. గోల్డెన్ సర్కిల్‌కి, అంటే రేక్యావిక్ దగ్గర్లో ఒక్క రోజులో చుట్టి వచ్చే టూరిస్టు రూటుకి, పెద్ద బస్సులో వెళ్లండి, మీ బదులు డ్రైవర్ టెన్షన్ పడతాడు. యోకుల్సార్లోన్ చూడాలంటే అక్కడికి దగ్గర్లోనే ఒక రాత్రి ఉండండి. ఏ ప్లానూ లేని రోజు ఒకటి ఉంచుకోండి. చివరి రాత్రి తప్పకుండా రేక్యావిక్‌లోనో కెఫ్లావిక్ విమానాశ్రయం దగ్గరో. హోటళ్లు ఫ్రీ క్యాన్సిలేషన్‌వే తీసుకోండి, వెయ్యి ఎక్కువైనా. రింగ్ రోడ్డు చేసే తీరాలంటే మార్చిలో వెళ్లండి. పగలు పది గంటల పైన ఉంటుంది, అరోరా (రాత్రి ఆకాశంలో కనిపించే ఆ ఆకుపచ్చ వెలుగులు) సీజన్ కూడా అయిపోదు. అప్పుడైనా తొమ్మిది, పది రోజులు కావాలి. రోజూ పొద్దున బయల్దేరే ముందు ఉమ్‌ఫెర్దిన్ (umferdin.is) సైట్‌లో రోడ్లు, వెదుర్ (vedur.is) సైట్‌లో గాలి చూసుకోండి. ఆరెంజ్ హెచ్చరిక ఉంటే ఆ రోజు ఊరు దాటొద్దు.

అపోహ: చలికాలంలో వెళ్తే అరోరా గ్యారంటీ

గ్యారంటీ అన్నవాడు అబద్ధం చెబుతున్నాడు. యాప్‌లో కేపీ (అరోరా ఎంత బలంగా ఉంటుందో చెప్పే, 0 నుంచి 9 వరకు ఉండే అంకె) 5 చూపిస్తే ఎగిరి గంతేస్తారు, 2 చూపిస్తే ఏడుపు ముఖం పెడతారు. ఐస్‌లాండ్ అరోరా వలయం కిందే ఉంది, 2 అయినా చాలు. ఆపేది మబ్బు. అక్కడి వాతావరణ శాఖ అరోరా మ్యాప్‌లో ఆకుపచ్చ రంగంటే మబ్బు, తెలుపంటే తేటగా ఉన్న ఆకాశం. మనవాళ్లు ఆకుపచ్చ చూసి "అక్కడ అరోరా ఉంది" అని అటే కారు పరిగెత్తిస్తారు. సరిగ్గా మబ్బు కిందకి! తెలుపున్న వైపు వెళ్లండి. రోడ్డు మధ్యలో బండి ఆపి ఫొటోలు తీయొద్దు, వెనక వచ్చేవాడికి మీరు కనిపించరు. కంటికి చాలాసార్లు బూడిద రంగు మేఘంలాగే కనిపిస్తుంది, పచ్చదనం ఫోన్‌లోనే బాగా తెలుస్తుంది. టూర్ అయితే మొదటి రాత్రికే బుక్ చేసుకోండి. కనపడకపోతే మరో రాత్రి ఉచితంగా తీసుకెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు.

అపోహ: అమెరికా వీసా ఉంటే వేరే వీసా అక్కర్లేదు

కావాలి. ఐస్‌లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) ఉంది. పాస్‌పోర్టు భారతదేశానిది అయితే చేతిలో గ్రీన్‌కార్డు ఉన్నా షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే. విమానాశ్రయం కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలిసి వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. "ఏ దేశం స్లాట్ దొరికితే దానికి పెట్టేసెయ్" అనే గ్రూపు సలహాలు నమ్మొద్దు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. రాత్రులు సమానమైతే మొదట దిగే దేశానికి.

లండన్ మీదుగా టికెట్ చౌకగా ఉందని కొనేస్తారు. భారత పాస్‌పోర్టుతో, మామూలు షెంగెన్ టూరిస్టు వీసా ఒక్కటే ఉంటే అక్కడ విమానం మారడానికే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా లాంటివి ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. పారిస్ చూసి, లండన్ వెళ్లి, అక్కణ్నుంచి ఐస్‌లాండ్ అంటే అది షెంగెన్ దాటి మళ్లీ లోపలికి రావడం. సింగిల్ ఎంట్రీ వీసా పారిస్‌తోనే అయిపోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్, కోపెన్‌హాగన్ లాంటి చోట్ల మారితే ఈ గొడవలేవీ ఉండవు.

మిగతావి, గబగబా

గడ్డకట్టుకుపోతామా? జనవరిలో రేక్యావిక్ సగటు సున్నా దగ్గరే, షికాగోనే అంతకన్నా చల్లన. మైనస్ నలభై జాకెట్ దండగ. గాలి, వాన ఆపే పై కోటు, లోపల ఊలు, బూట్లకి తగిలించుకునే మైక్రోస్పైక్స్ చాలు. జీన్స్ తడిస్తే ఆరదు. గొడుగు ఇంట్లోనే పెట్టి రండి.

అగ్నిపర్వతం పేలితే ఫ్లైట్లు ఆగిపోతాయా? 2010లో ఆగాయి, అది బూడిద కక్కింది. 2023 డిసెంబర్ నుంచి గ్రిండావిక్ అనే ఊరి దగ్గర పేలినవి లావా పారేవి, వాటికి విమానాశ్రయం పని చేస్తూనే ఉంది. దగ్గర్లోనే ఉన్న వేడినీటి కొలను, బ్లూ లగూన్, మాత్రం మధ్యమధ్య మూస్తారు, వెళ్లే రోజు చూసుకోండి.

రేనిస్‌ఫ్యారాలో అలలకి వెన్ను చూపించి సెల్ఫీ తీసుకోవద్దు. అక్కడ మనుషులు పోయారు.

ఈతకొలను విషయం ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. లోపలికి దిగే ముందు బట్టలన్నీ తీసి సబ్బుతో స్నానం తప్పనిసరి, ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరు గదులు. మనవాళ్లు సిగ్గుతో అక్కడి నుంచే తిరిగొచ్చేస్తారు. కర్టెన్ ఉన్న షవర్లు చాలా చోట్ల ఉంటాయి, అడగండి. మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు కూడా.

కుళాయి చల్లనీళ్లు తాగండి, సీసాలు కొనకండి. వేడినీళ్లలో కోడిగుడ్డు వాసన భూగర్భం నుంచి వచ్చే గంధకానిది, భయం లేదు. వంట గది ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకుంటే తిండి ఖర్చు సగానికి దిగుతుంది, కాకపోతే పోపు పెట్టేటప్పుడు కిటికీ తీయండి. స్మోక్ అలారం మోగితే ఇల్లంతా బయట మంచులో నిలబడాలి. క్రిస్మస్‌కి వెళ్లేవాళ్లు 24 మధ్యాహ్నంలోపే సరుకులు తెచ్చుకోండి. ఆ సాయంత్రం నుంచి దుకాణాలు చాలావరకు మూసేస్తారు, 25న కూడా అంతే.