కాటుక గీత ఎక్కడ ఆగాలి?

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్లకోసారి ఎండలు ముదిరే వేళ ఠాకురాణి అమ్మవారి యాత్ర జరుగుతుంది. మొక్కు తీర్చుకునేవాళ్లు దేవతల వేషాలు, రాక్షసుల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. అంత జనంలోనూ ముందుగా మన చూపును లాగేవి ఆ ముఖాల్లోని కళ్లే. చుట్టూ దిద్దిన నల్లని గీత వల్ల తెల్లగుడ్డు మరింత తెల్లగా, కన్ను మరింత పెద్దదిగా కనిపిస్తుంది. నిజానికి తెల్లగుడ్డు రంగు ఏమీ మారలేదు. ముదురు రంగు పక్కన ఉన్న లేత రంగును మన మెదడు ఇంకా లేతగా లెక్కగడుతుంది.

ఈ సంగతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో వివరంగా రాశాడు. పారిస్‌లోని ఒక నేత కర్మాగారంలో అద్దకం పనులు ఆయన చూసేవాడు. నల్లదారం వెలిసినట్టుందని ఫిర్యాదులు వస్తే పరీక్షించి, లోపం అద్దకంలో లేదనీ, పక్కనున్న దారం రంగే నలుపును అలా చూపిస్తోందనీ తేల్చాడు. బరంపురం పట్టుచీరకు అంచు రంగు ఎంచే నేతగాళ్లకు ఇది చేతిలో ఉన్న విద్యే.

కంటికి రంగు ఎంచుకునేటప్పుడూ చూడవలసింది ఈ తేడానే. వేదిక మీద, రాత్రి దీపాల వెలుగులో చిక్కటి నలుపు నిలుస్తుంది. పగటి వెలుగులో, దగ్గరగా చూసే ముఖానికి ముదురు గోధుమరంగు చాలు. ఆ గోధుమరంగు చాలావరకు ఐరన్ ఆక్సైడుల నుంచి వస్తుంది. రాయగడ, కొరాపుట్ కొండల ఎర్రమట్టికి రంగునిచ్చేవీ ఇవే. ఐషాడోలోని తళుకు వేరు: అభ్రకం రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత పూసి దాన్ని తయారు చేస్తారు. ఆ రేకుల అంచులు కంట్లో పడితే గరుకుగా ఒరుసుకుంటాయి.

ఇక ఇంటి కాటుక. ఆముదం ప్రమిద వెలిగించి, మంటకు తగిలేలా ఇత్తడి పళ్లెం బోర్లిస్తారు. మంటకు గాలి సరిగా అందక నూనె పూర్తిగా కాలదు. కాలకుండా మిగిలిన కార్బన్ అతిసన్నని మసి రేణువులుగా పళ్లేనికి అంటుకుంటుంది. దాన్ని గీకి, కొద్దిగా నెయ్యి కలిపి నూరి బరిణెలో పెడతారు. మసి నీటిలో కలవదు కాబట్టే నెయ్యి కావాలి. ఈ పని చూడముచ్చటగా ఉంటుంది. అయితే మసిలో కార్బన్ ఒక్కటే ఉండదు, సగం కాలిన నూనె పదార్థాలూ ఉంటాయి. ఇంట్లో చేసినదంతా నిరపాయమనే నమ్మకాన్ని నేను ఒప్పుకోను.

అసలు ప్రమాదం సీసంతో. కాటుకలా కంటికి పెట్టే కొన్ని సుర్మాల్లో మెరిసే నల్లపొడి లెడ్ సల్ఫైడ్, అంటే సీసం, గంధకం కలిసిన పదార్థం. చేతికి అంటిన సుర్మా నోటి ద్వారా పిల్లల ఒంట్లో చేరితే, ఎదిగే మెదడుకు హాని చేస్తుంది. మనదేశంలో సౌందర్య సాధనాల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 20 భాగాలు మించకూడదు. పేరూ చిరునామా లేని సంత పొట్లాన్ని ఎవరు పరీక్షించి ఉంటారు? పసిపిల్లల దిష్టికి చుక్క పెట్టాలనుకుంటే అరికాలు చాలు, కంట్లో కాటుక వద్దు.

సరుకు మంచిదైనా గీత చోటు తప్పితే లాభం లేదు. అద్దం దగ్గర కింది రెప్పను కాస్త వంచి చూడండి. వెంట్రుకలకు లోపల, కంటికి ఆనుకుని తడిగా మెరిసే సన్నని అంచు కనిపిస్తుంది. అక్కడ వరసగా సూదిమొనల్లాంటి రంధ్రాలు ఉంటాయి. ఇవి మైబోమియన్ గ్రంథుల నోళ్లు, పై రెప్పలో 25 నుంచి 40, కింద 20 నుంచి 30. వీటిలోంచి ఊరే నూనె కన్నీటి పైన పలచటి పొరగా పరుచుకుని, కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడుతుంది. మనలో చాలామంది కాటుక రాసేది సరిగ్గా వీటి మీదే. నోళ్లు మూసుకుపోతే కన్ను ఆరి మండుతుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో, లోపలి అంచున రాసిన ఐలైనర్ రేణువులు బయట రాసినప్పటికంటే ఎక్కువగా, వేగంగా కన్నీటి పొరలోకి చేరతాయని చూపారు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లకు ఇబ్బంది మరీ ఎక్కువ.

కాబట్టి గీత వెంట్రుకల కుదుళ్లకు బయటే ఆగాలి. బయటి కొలికి దగ్గర మొదలుపెట్టి, చిన్న చిన్న గీతలు కలుపుకుంటూ లోపలికి రండి. రెప్పను చేత్తో లాగకండి, వదిలాక గీత ముడతపడుతుంది. గోపాల్‌పూర్ వైపు ఉక్కపోతలో పెన్సిల్ గీత చెదిరేది చెమట ఒక్కదాని వల్లే కాదు. చర్మపు జిడ్డు అందులోని మైనాన్ని కరిగిస్తుంది. నీటికి కరగదని రాసి ఉన్న రకం కూడా జిడ్డుకు లొంగుతుంది. ముందుగా రెప్ప తుడిచి కాస్త పౌడరు అద్దితే జిడ్డును అది పీల్చుకుంటుంది. రాత్రి తీసేటప్పుడు ఇదే గుణం పనికొస్తుంది: దూదికి కంటి అలంకరణ తుడిచే నూనె అద్ది, మూసిన రెప్ప మీద కొన్ని క్షణాలు ఉంచితే రుద్దకుండానే వచ్చేస్తుంది.

నాట్య ప్రదర్శనలప్పుడు, వేషాలు కట్టేటప్పుడు ఒకే కాటుక పుల్ల పదిమంది కళ్లకు తిరగడం మాత్రం ఆపాలి. కండ్లకలక అలాగే అంటుకుంటుంది. ఎవరి పుల్ల వారిదే ఉండాలి. తడిగా ఉండే మస్కారా సీసాను మూడు నెలలకు, కన్ను ఎర్రబడితే ఆ రోజే పారేయాలి.