మణికట్టు విదిలింపుతో నేరమైన మడతకత్తి

మీట నొక్కగానే తెరుచుకునే స్విచ్‌బ్లేడ్ కత్తిపై అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న నిషేధాన్ని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2024 ఆగస్టులో కొట్టివేయడంతో, అదే నిషేధం అమలులో ఉన్న న్యూయార్క్ రాష్ట్రం వైపు చూపు మళ్లింది. యువకుల ముఠాల భయంతో 1950లలో ఈ చట్టాలు పుట్టిన సంగతి తెలిసిందే. అక్కడ కత్తుల నిషేధంపై ఇప్పటి వాదానికి అసలు మూలం 2019లో రద్దయిన గ్రావిటీ నైఫ్ నిషేధంలో ఉంది.

తన బరువుకో, విసురుకో అలుగు బయటికి వచ్చి బిగుసుకునే కత్తే గ్రావిటీ నైఫ్; దాన్ని 1958లో న్యూయార్క్ నిషేధించింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పారాట్రూపర్లు వాడిన కత్తి అలాంటిది. కానీ కాలక్రమంలో పోలీసులు మామూలు మడతకత్తిని కూడా చేతిలోకి తీసుకుని, మణికట్టు విదిలించి, తెరుచుకుంటే కేసు పెట్టసాగారు. ఒకరి చేతిలో తెరుచుకున్న కత్తి మరొకరి చేతిలో తెరుచుకోకపోవచ్చు; కొన్నవాడికి ముందుగా తెలుసుకునే దారి లేదు. వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, వంటవాళ్లు పనికోసం దుకాణంలో బాహాటంగా కొన్న కత్తులివి. పట్టుబడినవారిలో అత్యధికులు నల్లజాతివారు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలవారు). శిక్ష ఏడాది వరకు. పాత నేరం ఉంటే ఏడేళ్ల వరకు. మరోవైపు, వీటిని అమ్మిన పెద్ద దుకాణాలు 2010లో న్యూయార్క్ నగరంలోని మన్‌హట్టన్ జిల్లా అటార్నీతో (ప్రధాన ప్రాసిక్యూటర్‌తో) రాజీ కుదుర్చుకుని, సుమారు 19 లక్షల డాలర్లు కట్టి బయటపడ్డాయి. అమ్మినవాడికి రాజీ, కొన్నవాడికి బేడీలు అన్న ఈ తేడాయే చట్టంపై నమ్మకాన్ని సడలించింది.

ఈ నిషేధాన్ని సడలిస్తూ రాష్ట్ర ఉభయ సభలు ఆమోదించిన సవరణను గవర్నర్ ఆండ్రూ క్యూమో 2016లోనూ 2017లోనూ వీటో చేశారు. ప్రజల భద్రతకు ముప్పన్నది పోలీసుల, ప్రాసిక్యూటర్ల వాదన. 2019 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి పాల్ క్రాటీ, ఏది నేరమో మనిషికి తెలియనంత అస్పష్టంగా ఈ నిషేధాన్ని వర్తింపజేశారని తీర్పు చెప్పారు. మే 30న అదే గవర్నర్ రద్దు బిల్లుపై సంతకం చేశారు.

ఆ బిల్లు స్విచ్‌బ్లేడ్‌ను ముట్టుకోలేదు. నాలుగు అంగుళాలు, అంతకు మించిన అలుగు ఉన్న కత్తిని బహిరంగ ప్రదేశాల్లో ఉంచుకోకూడదన్న న్యూయార్క్ నగర నిబంధన కూడా అలాగే ఉండిపోయింది. మసాచుసెట్స్ తీర్పు ఆయుధ హక్కుపై అమెరికా సుప్రీంకోర్టు 2022లో చెప్పిన చారిత్రక కొలమానం (ఆయుధాలపై ఆంక్ష దేశ చరిత్రలోని నియంత్రణ సంప్రదాయానికి సరిపోవాలన్నది) మీద నిలబడింది కనుక, న్యూయార్క్ నిషేధాన్ని సవాలు చేసేవారికి అదే ఆధారం కావచ్చు. కానీ వడ్రంగి అడిగింది ఆయుధం ధరించే హక్కును కాదు, తన పనిముట్టు నేరమో కాదో ముందే తెలుసుకునే హక్కును.