ఈటె మొనతో తీసిన పాపిట

2015లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో ఓ గొడవ రేగింది. ప్రాచీన రోమన్ కవి ఓవిడ్ రాసిన ‘మెటమార్ఫొసెస్’ కావ్యం పాఠంలో దేవుళ్లు ఆడవాళ్లను చెరబట్టే కథలు వస్తే, హింస ఊసెత్తకుండా వర్ణనల అందం గురించే చెబుతారా అని కొందరు విద్యార్థులు తమ పత్రికలో నిలదీశారు.

ఈ చిక్కు ఓవిడ్ కంటే పాతది. రోమ్ పుట్టుక కథలోనే ఉంది. ఆ ఊరు కట్టిన రోములస్ మనుషులకు పెళ్లాలు లేరు. పండగ చూడ్డానికొచ్చిన పొరుగు తెగ సబైన్ల ఆడపిల్లలను ఎత్తుకుపోయి పెళ్లాడారు. కట్టుకథే కావచ్చు. కానీ రోమన్ పెళ్లిలో పెళ్లికూతురి పాపిట ఈటె మొనతో తీయడం, ఎత్తుకుని గడప దాటించడం ఆనాటి గుర్తులేనని తర్వాతి రచయితలు కొందరు చెప్పారు. తల్లి ఒళ్లోంచి లాక్కెళ్తున్నట్టు నటించే తంతు కూడా ఉండేది. మన ధర్మశాస్త్రాలు ఇలాంటిదాన్ని రాక్షస వివాహమన్నాయి. రోమన్లకు అదే మొదటి పెళ్లి.

క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ కవి కటుల్లస్ 62వ కవిత పెళ్లిపాట. అందులో అమ్మాయిలూ అబ్బాయిలూ జట్లుగా పోటీపడి పాడతారు. తల్లిని వాటేసుకున్న బిడ్డను లాగేస్తావే, పట్టుబడ్డ ఊళ్లో శత్రువైనా ఇంతకన్నా ఏం చేస్తాడని అమ్మాయిలు పెళ్లివేళను తెచ్చే సాయంకాలపు చుక్కను తిడతారు. కవిత ముగిసేది మాత్రం భాగపంపకాల లెక్కతో: నీ కన్యత్వంలో మూడోవంతు తండ్రిది, మూడోవంతు తల్లిది, నీది మిగిలిన వంతే, వాళ్లు తమ హక్కును కట్నంతో పాటు అల్లుడికి ఇచ్చేశారు, ఇద్దరితో పోట్లాడకు.

రోమన్ కవి వర్జిల్ ఇతిహాసం ‘ఈనియడ్’లో ట్రోయ్ నుంచి వచ్చిన ఈనియస్‌కీ, స్థానిక రుటులియన్ల రాజుకీ మధ్య పోరుకు కారణమైన రాకుమారి లవీనియాకు ట్రోజన్ల, రుటులియన్ల నెత్తురే కట్నమంటుంది జూనో దేవత. ఆమె కోసం అంత యుద్ధం జరుగుతుంది. ఆమె ఒక్క మాటా మాట్లాడదు, సిగ్గుతో ఎర్రబడుతుందంతే.

ఓవిడ్ ‘ప్రేమకళ’లో సబైన్ కథను సరసం చేశాడు. చాలామందికి భయం కూడా అందమే ఇచ్చిందంటాడు. రోములస్ లాగా ఆడపిల్లల్నే జీతంగా ఇస్తే నేనూ సైన్యంలో చేరతానంటాడు. రోమన్ చక్రవర్తి అగస్టస్ క్రీ.పూ. 18లోనే వ్యభిచారాన్ని నేరం చేశాడు. క్రీ.శ. 8లో ఓవిడ్‌ను నల్లసముద్రం ఒడ్డుకు తోలేశాడు. కారణం ఒక కావ్యం, ఒక పొరపాటు అని కవే రాసుకున్నాడు. ఆ కావ్యం ‘ప్రేమకళే’. దాని మీద పడ్డ నింద వ్యభిచారం నేర్పుతోందని; సబైన్ పిల్లల భయం మాటే లేదు.

అయితే విద్యార్థులు వేలెత్తిచూపిన ‘మెటమార్ఫొసెస్’లోనే ఫిలోమెలా కూడా ఉంది. బావ చెరిచి, నాలుక కోసేస్తాడు. ఆమె మగ్గం మీద తెల్ల నూలులో ఎర్రదారాలతో జరిగిందంతా నేసి అక్కకు పంపుతుంది.