మావోరీల్లోనూ ‘మనం’ వేరు, ‘మేము’ వేరు

న్యూజిలాండ్ మావోరీలు పలకరించుకుంటే ముక్కూ ముక్కూ ఆనించుకుంటారని చాలామందికి తెలుసు, టీవీలో చూసే ఉంటారు. దాన్ని హోంగి అంటారు. రుద్దుకోవడం కాదండీ బాబూ, ముక్కు ఆనించి, చాలాసార్లు నుదురు కూడా ఆనించి ఒక్క క్షణం అలా ఆగడం, ఇద్దరి ఊపిరీ కలవాలి, అదీ అసలు సంగతి. వాళ్ల పురాణంలో తానే అనే దేవుడు మట్టితో మొదటి ఆడమనిషిని చేసి ముక్కులోకి ఊపిరి ఊదాడట, ఆమె తుమ్మి లేచిందట. అందుకే ఇప్పటికీ సభలో పెద్దలు "తిహేయి మౌరి ఓరా" అంటూ మాట మొదలుపెడతారు, అంటే తుమ్ము, అదే ప్రాణం అని. మన ఇళ్లలో పిల్లాడు తుమ్మగానే "చిరంజీవ" అనే నానమ్మలు గుర్తొచ్చారు నాకు.

మరాయే అంటే వాళ్ల ఉమ్మడి ప్రాంగణం. పెద్ద సందర్భాల్లో కొత్తవాళ్లు వస్తే ముందు ఒక యోధుడు తాయియాహా అనే పొడవాటి కర్ర ఆయుధం తిప్పుతూ ఎదురొచ్చి, చిన్న పుల్లో ఆకో నేలమీద పెడతాడు, దాన్ని తీసుకుంటే గొడవకి రాలేదని అర్థం. తర్వాత ఆడవాళ్లు గొంతెత్తి పిలుస్తారు, ప్రసంగాలూ పాటలూ అవుతాయి, హోంగి అవుతుంది, ఆ తర్వాత భోజనం. అప్పటిదాకా బయటివాళ్లు, ఇక మనవాళ్లు.

ఈ తేడా వాళ్ల భాషలోనే ఉంది! ఇంగ్లీషు ‘వి’లో, హిందీ ‘హమ్’లో వినేవాడు ఉన్నాడో లేడో తెలీదు, మనకి మనం, మేము ఉన్నాయిగా, మావోరీలో కూడా తాతౌ అంటే నీతో సహా మనం, మాతౌ అంటే నువ్వు కాక మేము. పైగా ఇద్దరికి విడిగా ద్వివచనం ఉంది, పలకరించేటప్పుడు ఎదుట ఒక్కరైతే "తేనా కోయే", ఇద్దరైతే "తేనా కోరువా", ముగ్గురూ అంతకంటే ఎక్కువైతే "తేనా కౌతౌ".

1840 ఫిబ్రవరి 6న వైతాంగి అనే చోట బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం మీద మావోరీ నాయకులు సంతకం పెడుతుంటే బ్రిటిష్ ప్రతినిధి హాబ్సన్ ఒక్కొక్కరితో "హే ఇవి తహి తాతౌ" అన్నాడట, మనం ఒకే జనం అని. తాతౌ అన్నాడు చూడండి. కానీ ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమాధికారం మొత్తం రాణికి పోయింది, మావోరీ ప్రతిలో రాణికి దక్కింది ‘కావనతంగ’, అంటే గవర్నర్‌గిరీ లాంటిది, పెత్తనం మాత్రం నాయకుల దగ్గరే ఉంది. 500 మందికి పైగా సంతకం పెట్టారు, దాదాపు అందరూ మావోరీ ప్రతి మీదే. మొదట పెట్టింది హోనే హేకే అనే నాయకుడు. నాలుగేళ్లకి ఆయనకి సీన్ అర్థమైంది, కొరోరారెకా కొండమీద బ్రిటిష్ జెండా కర్రని ఆయన మనుషులు నరికేశారు, మళ్లీ పాతారు, మళ్లీ నరికారు, అలా నాలుగుసార్లు, 1845 మార్చిలో ఆఖరిసారి నరికిన రోజు యుద్ధమే మొదలైంది.

భాష పరిస్థితీ అంతే, ఒకప్పుడు బళ్లో మావోరీ మాట్లాడితే పిల్లల్ని కొట్టేవాళ్లు. అధికార భాష హోదా 1987లో వచ్చింది. దానికి మూడేళ్ల ముందు, 1984లో, ఆక్లాండ్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో నైడా గ్లావిష్ అనే ఆపరేటర్ "కియా ఓరా" అని ఫోన్ ఎత్తుతోందని పైవాళ్లు అభ్యంతరం పెట్టారు. ఆ మాటకి అర్థం బాగుండండి అని, అంతే! ఆమె మానలేదు. విషయం దేశమంతా పాకింది, విమానాల్లో పైలట్లు ప్రయాణికులకి "కియా ఓరా" చెప్పడం మొదలుపెట్టారు, జనం ఎక్స్‌ఛేంజ్‌కి ఫోన్ చేసి ఆ కియా ఓరా ఆవిడకే ఇవ్వండి అని అడిగారు.