బ్రీదర్ పైపు, క్యాచ్ క్యాన్: అపోహలు - వాస్తవాలు

పవర్ పెంచిన టర్బో కారు వర్క్‌షాప్‌కు వస్తే, బానెట్ ఎత్తగానే ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) మీది బ్రీదర్ పైపు, అంటే ఇంజిన్ లోపలి వాయువు పోయే గొట్టం, ఎటు పోతున్నదో చూడటం నాకు అలవాటు. ఎంత కొత్త ఇంజిన్‌లోనైనా మండిన వాయువు కొంత పిస్టన్ రింగులను దాటి ఇంజిన్ కింది గది అయిన క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. బ్లో-బై అని పిలిచే ఈ వాయువు బూస్ట్‌తో, అంటే టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడితో పాటే పెరుగుతుంది.

అపోహ: కంపెనీ పైపు తీసేసి చిన్న ఫిల్టర్ బిగిస్తే పవర్ పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. ఐడిల్‌లోనూ మామూలు వేగంలోనూ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోని) వాక్యూమ్, క్రాంక్‌కేస్ వాయువును అక్కడికి పంపే పీసీవీ వాల్వ్ ద్వారా పెట్రోలు ఆవిరినీ నీటి ఆవిరినీ లాగేస్తుంది కాబట్టే ఆయిల్ కొంతకాలం శుభ్రంగా ఉంటుంది. ఆ దారి మూసేస్తే అవి ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. పీసీవీని ఉంచి, టర్బో ముందు నుంచి వచ్చే పైపును మాత్రం విప్పి ఫిల్టర్ పెడితే, ఎయిర్ ఫ్లో సెన్సర్ కొలవని గాలి లోపలికి చేరి ఐడిల్ కుదురుగా నిలవదు. ఏసీ వేస్తే క్యాబిన్‌లో ఆయిల్ వాసన వస్తుంది. పైగా రోడ్డు మీద తిరిగే పెట్రోలు కారు క్రాంక్‌కేస్ వాయువును బయటికి వదలడానికి బీఎస్-6 కాలుష్య నిబంధనలు ఒప్పుకోవు.

అపోహ: ఆయిల్ సీల్ కారుతున్నదంటే సీల్ పాడైనట్టే.

వాస్తవం: బూస్ట్ వచ్చినప్పుడు మానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటి గాలి కంటే పెరుగుతుంది, అప్పుడు పీసీవీలోని చెక్ వాల్వ్ మూసుకోవాలి, బ్లో-బై అంతా టర్బో ముందున్న పైపు గుండా పోవాలి. ఆ వాల్వ్ మూసుకోకపోతే బూస్టే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి దిగి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌ను పైకి నెడుతుంది, సీళ్ళను తోస్తుంది. ఒక కారుకు గేర్‌బాక్స్ దించి వెనుక సీల్ రెండుసార్లు మార్పించిన తర్వాత మా దగ్గరికి తెచ్చారు. వాల్వ్ విప్పి మానిఫోల్డ్ వైపు నుంచి నోటితో ఊదాను. గాలి సులువుగా అవతలికి పోయింది, అంటే పాడైనది సీల్ కాదు, ఈ వాల్వే. అనుమానం ఉన్నచోట డిప్‌స్టిక్ గొట్టానికి నీళ్ళు పోసిన పారదర్శక పైపును యూ ఆకారంలో కట్టి చూస్తే, లోపలి ఒత్తిడి ఎంతో నీటి మట్టాల తేడాయే చెబుతుంది.

అపోహ: బ్రీదర్ పైపు దారిలో ఆయిల్ తుంపరను పట్టి ఉంచే క్యాచ్ క్యాన్ అంటే ఏ డబ్బా అయినా ఒకటే.

వాస్తవం: ఖాళీ డబ్బాలో ఆయిల్ తుంపర ఒక పైపున వచ్చి మరో పైపున పోతుంది. లోపల అడ్డుపలకలు, స్టీలు జాలీ ఉండాలి, క్యాన్‌ను ఎగ్జాస్ట్ వేడికి దూరంగా బిగించాలి, హోస్ లోపలి వ్యాసం కంపెనీ పైపు కంటే తగ్గకూడదు. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల వెనుక భాగాన్ని పెట్రోలు కడగదు. అక్కడ మసి పేరుకుంటుంది కనుక వాటికి మంచి క్యాన్ నిజంగా అవసరం.

అపోహ: క్యాన్ నిండితే రింగులు పోయినట్టే.

వాస్తవం: చలికాలంలో దగ్గరి ప్రయాణాలకే వాడే కారు క్యాన్‌లో మజ్జిగ రంగు జిగురు కనిపిస్తుంది, అందులో ఎక్కువ భాగం నీరే. ఆయిల్ మోతాదు మించినా నిండుతుంది. లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతుందో చూడటం) చేయకుండా ఇంజిన్ విప్పవద్దు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 ఇంజిన్‌ను ట్రాక్ మీద ఎక్కువ ఆర్‌పీఎంలో నడిపితే, రింగులు బాగున్నా ఆయిల్ ఇంజిన్ పైభాగమైన హెడ్‌లోనే నిలిచిపోయి బ్రీదర్ల గుండా బయటికి వస్తుంది. ఎంత పెద్ద క్యాన్ పెట్టినా నిండుతూనే ఉంటుంది. హెడ్‌కు వెళ్ళే ఆయిల్‌ను రెస్ట్రిక్టర్‌తో (దారిని ఇరుకు చేసే ముక్కతో) తగ్గించి, హెడ్ వెనుక నుంచి సంప్‌కు అదనపు డ్రెయిన్ పైపు వేయాలి.